గాలించిన ఎరువు

నలభై ఏళ్లలో మా అత్త పసుపు తవ్వకం నడుమలోనే ఆపేసిన ఏడాది ఆ ఒక్కటే. మా ఆయన మోజెస్ పుట్టిన ఏడు కూడా బిడ్డను గట్టు మీద పడుకోబెట్టి పోయానని ఆమే చెప్పుకుంటుంది. నేను సగమే నమ్ముతాను. ఆ జనవరిలో మాత్రం మా అత్త లక్ష్మవ్వ అరుగు మీద కూర్చుని, కట్టు కట్టిన కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వచ్చే పోయే వాళ్లందరినీ తిడుతూ గడిపింది. ఎక్కువ తిట్లు కోడలినైన నాకే వచ్చాయి. వాటిలో సగం నాకు రావలసినవేనని తెలియడానికి రెండు వారాలు పట్టింది.

ఆ చెయ్యి తెగింది మాక్లూర్ దగ్గర భోజన్న చేనులో. పద్నాలుగు మంది ఆడకూలీల జట్టుకు మా అత్త పెద్ద. ట్రాక్టరు ముందు పోతూ దుంపలు పైకి తిప్పుతుంటే, వీళ్లు వెనక నుంచి మట్టి విదిలించి, కొమ్ములు విరిచి కుప్ప వేస్తారు. చేతులతోనే చేయాలి ఆ పని. పనిముట్టు తగిలితే కొమ్ము గీరుకుపోతుంది, రైతు మొహం మాడ్చుకుంటాడు. లక్ష్మవ్వ ఒక దుంపను రెండు చేతులా పట్టి గట్టిగా నలిపిందట. మట్టిలో ఉన్న గాజు పెంకు బొటనవేలి మొదట్లో దిగింది. ఆమె ఆ రక్తం మీద ఇంత పసుపు అద్దుకుని పొద్దు గూకేదాకా పనిచేసింది. మూడో రోజుకు చెయ్యి వాచి, వేళ్లు ముడుచుకోకుండా అయ్యాయి. ఆస్పత్రిలో కోసి, లోపల మిగిలిన ముక్క తీశారు. డాక్టరమ్మ దాన్ని దూది మీద పెట్టి నాకు చూపించింది. గోరంత ముక్క. పల్చగా, వంపుగా ఉంది. లోపలి వైపు తెల్లటి పొడి అంటుకుని ఉంది.

"ఇది ఏం గాజమ్మా? సీసా ముక్కయితే కాదు," అంది.

తెలియదన్నాను. నేను రోజూ పొద్దున నిజామాబాద్‌లో ఆరు వందల ఇళ్ల చెత్త ఎత్తే మనిషిని. ఏ బకెట్టు ఏ ఇంటిదో మూత తీయకుండా చెప్పగలను. అయినా ఆ ముక్క దగ్గర నా బుర్ర పనిచేయలేదు. పనిచేయడం దానికి ఇష్టం లేదేమో.

మోజెస్ చెత్త ఆటో నడుపుతాడు. నేను వెనక నడుస్తూ ఇంటింటికీ తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా తీసుకుంటాను. మధ్యాహ్నం నుంచి ఎరువుల షెడ్డులో పని. తడి చెత్తను కుప్పలు పోసి, తడిపి, తిరగేసి, రెండు నెలలు మాగాక జల్లెడ పట్టి ఎరువు చేస్తాం. తొమ్మిది మంది ఆడవాళ్లం, మా పైన ఉమారాణి సూపర్‌వైజరు. ఎండాకాలంలో మాక్లూర్ రైతులు ట్రాక్టర్లు తెచ్చి ఆ ఎరువును పసుపు చేలకు తీసుకుపోతారు. అంటే నేను ఎత్తిన చెత్త తిరిగి తిరిగి మా అత్త చేతుల కిందికే పోతుంది. ఇంట్లో ఆ సంగతి ఎవరమూ పైకి అనుకునేవాళ్లం కాదు. మా అత్తకు నా పనంటే చిన్నచూపు. "మన్ను పని ఏరు, చెత్త పని ఏరు," అనేది. ఎరువయ్యాక రెండూ ఒకటే కదా అని నేననేదాన్ని. ఆ పూట మా ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడయ్యేవి.

లక్ష్మవ్వ ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి భోజన్న షెడ్డుకు వచ్చాడు. మంచి రైతు, మాట తక్కువ. మోటారు సైకిలు వెనక యూరియా సంచి కట్టుకొచ్చి, దాన్ని మా ముందు గచ్చు మీద కుమ్మరించాడు. అన్నీ గాజు పెంకులు. తెల్లవి, పల్చనివి, వంపు తిరిగినవి.

"అర ఎకరంల ఏరినయి గివి," అన్నాడు. "ఇంక రెండెకరాలున్నది. లక్ష్మవ్వకు గట్లయినంక కూలోళ్లు నా చేన్ల అడుగు వెడ్తలేరు. నేనేమని పిలవాలె?"

ఉమారాణి ఏదో సర్దిచెప్పబోయింది.

"మీ మీద నాకు కోపం లేదమ్మా. కని ఈసారి ఎరువు నేను ఎత్తను. మా దిక్కోళ్లు ఎవ్వలు ఎత్తరు. అందరం మాట్లాడుకునే వచ్చిన," అనేసి బండెక్కాడు.

ఆయన పోయాక ఉమారాణి ఆ గాజు వంకే చూస్తూ నిలబడింది. "మిరుగు లోపల ఎరువు లేవకపోతే షెడ్డు బంద్ జేస్తమన్నరు ఆఫీసుల. కిందటేడే అన్నరు, నేనే మీకు చెప్పలే," అంది. మిరుగు అంటే మృగశిర కార్తె, జూన్ మొదటి వారం. "తొమ్మిది మందిని ఏడ వెడ్తరో నాకు తెల్వదు."

ఆ తొమ్మిది మందిలో ఐదుగురు మా మెథడిస్టు చర్చి వెనక వాడ వాళ్లు. ఇద్దరికి మొగుళ్లు లేరు. ఊళ్లో ఎవరో కొవ్వెక్కిన వాళ్లు తడి చెత్తలో గాజు కలుపుతున్నారు, వాళ్లను పట్టుకుని నలుగురిలో కడిగేస్తే ఈ పీడ వదులుతుందని నేననుకున్నాను.

మరునాడు పొద్దున్నే వేట మొదలుపెట్టాను. ప్రతి ఇంటి తడి బకెట్టునూ కర్రతో కెలికాను. మోజెస్ ఆలస్యమవుతోందని హారన్ కొడుతూనే ఉన్నాడు. నలభయ్యో ఇంటి దగ్గరో ఎక్కడో, రాధాబాయి బకెట్లో దొరికింది. రాధాబాయి రిటైరైన టీచరు. మా వీధుల్లో అంత శుభ్రంగా చెత్త ఇచ్చే మనిషి ఇంకొకరు లేరు. బెండకాయ తొడిమల కింద, పేపర్లో చుట్టి దారం కట్టిన పొట్లం. విప్పితే ట్యూబులైటు, చక్కగా చిన్న చిన్న ముక్కలు చేసి ఉంది.

"టీచరమ్మా, నలుగురికి చెప్పెటోళ్లు, మీరే తడి చెత్తల గాజు వెడ్తరా? మా అత్త చెయ్యి పోయేటట్టున్నది," అన్నాను.

రాధాబాయికి కోపం రాలేదు. ఆమె నన్ను వింతగా చూసింది.

"నువ్వే చెప్పినవ్ గదా ఎస్తరూ. పొడుగు ట్యూబు బండిల పట్టదు, పలగ్గొట్టి ఇయ్యిండ్రి అన్నవ్. పొడి సంచిల పెడితే సంచి చీరి నీ ఏలు తెగిందని, కూరగాయ పొట్టుల పెట్టి మెత్తగ కట్టుండ్రి అన్నవ్. అప్పటి సంది గట్లనే ఇస్తున్న. నీకు కోసుకోవద్దని దారం గూడ కడ్తున్న."

ఆ పొట్లం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఐదేళ్ల కిందట వేలు తెగి కుట్లు పడినప్పుడు నేనే ఇంటింటికీ ఆ మాట చెప్పాను. భలే ఉపాయం కనిపెట్టానని మురిసిపోయాను కూడా. అప్పటికి షెడ్డు లేదు, చెత్తంతా ఊరి బయట గుట్టకే పోయేది. షెడ్డు వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకోవాలని నాకు తట్టనే లేదు. జనం మాత్రం మరిచిపోలేదు. పైగా ఈ రెండేళ్లుగా అందరూ పాత ట్యూబులు పీకేసి ఎల్‌ఈడీలు పెట్టుకుంటున్నారు. ఆరు వందల ఇళ్ల వాళ్లు, నా చెయ్యి తెగకూడదని, గాజు పలగ్గొట్టి, పొట్టులో దాచి, ముడి వేసి మరీ నాకు ఇస్తున్నారు.

"హారన్ కొట్టకు," అన్నాను మోజెస్‌తో.

ఆయన కొట్టడం లేదు. ఎప్పుడో ఆపేశాడు.

బోధన్ రోడ్డులో ఆత్మారాంది కరెంటు సామాన్ల దుకాణం. పోయిన ఎల్‌ఈడీ బల్బులు విప్పి బాగుచేసి ఇస్తాడు. మరాఠీ మనిషి, నన్ను తాయీ అంటాడు, అక్కా అని. ఈ గాజు సంగతి అడుగుదామని పొట్లం ఆయన బల్ల మీద పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఈడ ఒద్దు తాయీ, గాలున్న కాడికి నడువు," అని బయటికి తీసుకొచ్చాడు.

"ట్యూబులైట్ల, గా మెలికల సీఎఫ్‌ఎల్ బుగ్గల లోపల పాదరసం ఉంటది. జరంతనే. పలగనంత సేపు ఎవ్వలికి ఏం గాదు. పలిగితే గాలిల గలుస్తది, మన్నుల గలుస్తది. పలగ్గొట్టుమనుడే తప్పు."

"నేనే అన్ననని నీకెవ్వలు చెప్పిండ్రు?"

"నాకు గూడ చెప్పినవ్ గదా," అన్నాడు ఆత్మారాం.

మనిషికి సిగ్గుతో చెవులు కాలడం అంటారే, అది నాకు ఆ రోడ్డు మీద తెలిసింది. మరి నాలుగడుగుల గాజు గొట్టాన్ని పలగకుండా ఎలా మోయాలని అడిగాను. ఆయన లోపలికి పోయి, కొత్త ట్యూబులు వచ్చే పొడుగు అట్టపెట్టె ఒకటి తెచ్చాడు.

"కొత్తది గిందుల వస్తది. పాతది గిందుల్నే పోవాలె. జనం గీ అట్టను చింపి పొయ్యిల వెడ్తరు. ఇయ్యాల్టి సంది నేను దాస్త, నువ్వు తీస్కపో."

పాత లైట్లను తీసుకుపోయే కంపెనీ బండి హైదరాబాద్ నుంచి వస్తుందని కూడా ఆయనే చెప్పాడు. గాజు, లోహం, పాదరసం దేనికది విడదీసే మిషన్లు వాళ్ల దగ్గర ఉన్నాయట. కాకపోతే పలగని నిండు లైట్లు నాలుగు వందలైనా ఉంటేనే అంత దూరం బండి పంపుతారట. నేను ఐదేళ్లలో ఒక్క నిండు ట్యూబును కూడా చేత్తో పట్టుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి లక్ష్మవ్వ అరుగు మీద ఎడమ చేత్తో చిక్కుడుకాయలు తుంపుతోంది. ఈనె రాక విసుక్కుంటోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అత్తమ్మా, నీ చేతిల దిగిన గాజు నాదే," అన్నాను.

మొత్తం చెప్పాను. వేలు తెగిన రోజు నుంచి ఆత్మారాం దుకాణం దాకా ఏదీ దాచలేదు. తిడుతుందని తెలుసు, తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె చిక్కుడుకాయ చాటలో పడేసింది.

"ఆరు నూర్ల ఇండ్లోళ్లు నువ్వు జెప్పిన మాట ఐదేండ్లు ఇన్నరా?" అంది.

"ఇన్నరు."

"నేను పద్నాలుగు మందికి పొద్దుగాల జెప్తె పగటీలికి మర్శిపోతరు." చాట నా వైపు తోసింది. "ఇగ గీ కాయలు తుంపు. నాతోని అయితలేదు."

మరునాడు తెల్లవారి ఆటో దగ్గరికి పోతే, ముందు సీట్లో మోజెస్ పక్కన లక్ష్మవ్వ కూర్చుని ఉంది. కొత్త చీర కట్టుకుని, కట్టు ఉన్న చెయ్యి బయటికి కనబడేలా పెట్టుకుంది.

"నువ్వేడికే అవ్వా?" అన్నాడు మోజెస్.

"నడుపురా. చెప్పిన నోరొక్కటే పోతె ఎట్ల? తెగిన చెయ్యి గూడ పోవాలె," అంది.

ముందు షెడ్డుకు పోయాం. అప్పటికి మాగుతున్న కుప్పలన్నింటిలోనూ గాజు ఉంది. వాటిని రైతుకు ఇవ్వకూడదని, తీసి పక్కన పెట్టించాలని నేనన్నాను. మూడు నెలల చాకిరీ అది. మిగతా ఎనిమిది మంది నన్ను చూసిన చూపులు నేను చచ్చినా మరవను. ఒకామె, "చెప్పింది నువ్వు, మోసేది మేమా?" అని మొహం మీదే అంది. అవునన్నాను. ఇంకేమనగలను. కాసేపటికి ఆమే మొదట పార అందుకుంది.

ఆ ఫిబ్రవరంతా మేము ఇల్లిల్లూ తిరిగాం. ఒక్కో గుమ్మం ముందు నేను నా తప్పు చెప్పడం, లక్ష్మవ్వ చెయ్యి చూపించడం. మొదట్లో నేను గొణిగేదాన్ని. "తప్పు జేసినోళ్లు గట్టిగ మాట్లాడాలె. ఇనవడకపోతె ఎట్ల తెలుస్తది?" అని వెనక నుంచి కసిరేది. ఆమె పద్ధతి వేరు. కట్టు విప్పి చూపిస్తాననేది. ఎవరూ విప్పనివ్వకుండానే మాట ఒప్పుకునేవాళ్లు. ఒప్పుకున్న వాళ్లను మళ్లీ ఒకసారి మొదటి నుంచి చెప్పమనేది: లైటు పలగ్గొట్టొద్దు, తడిలో కలపొద్దు, అట్టలో పెట్టి చేతికివ్వాలి. మధ్యలో తడబడితే వదిలిపెట్టేది కాదు. రాధాబాయి టీచరు చేత కూడా అప్పజెప్పించుకుంది.

ఒకింట్లో ట్యూబు జారి పలిగిందని చీపురు పట్టుకుని ఊడ్వబోతున్నారు. ఆత్మారాం నాకు చెప్పినట్టే నేను చెప్పాను. ముందు కిటికీలు తెరిచి, ఫ్యాను ఆపి, పావుగంట అందరూ బయట ఉండాలి. చీపురు ముట్టొద్దు. తర్వాత అట్టముక్కతో ఎత్తి, తడి గుడ్డతో తుడిచి, అంతా మూత ఉన్న డబ్బాలో వేసి గట్టిగా బిగించి ఇవ్వాలి. లక్ష్మవ్వ నా పక్కన నిలబడి, ఇదంతా తానే కనిపెట్టినట్టు తలూపింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు ప్రకటనల చోట నాకు రెండు నిమిషాలు ఇచ్చారు. "ఐదేండ్ల సంది మీ అందరికి ఒక తప్పు మాట చెప్పిన. ఇయ్యాల ఒప్పుకుంటున్న," అని మొదలుపెట్టాను. ఆడవాళ్ల వైపు గుసగుసలు లేచాయి, ఏదో పెద్ద సంగతే బయటపడబోతోందని. ట్యూబులైట్ల గురించి అని తెలిశాక ముందు వరస ఉసూరుమంది. అయినా సాయంత్రం లోపల చర్చి సామాన్ల గది నుంచి, క్రిస్మస్ నక్షత్రాల్లో వాడి పక్కన పడేసిన సీఎఫ్‌ఎల్ బల్బులు అరవై మూడు బయటికి వచ్చాయి. అన్నీ నిండువే.

అంతా నల్లేరు మీద నడకలా సాగలేదు. మార్చి నడుమ ఐదో కుప్ప తిరగేస్తుంటే తెల్ల పెంకులు తళుక్కుమన్నాయి. ఉమారాణి ఏరేద్దామంది. ఏరితే పోయేవి కాదు అవి. ఆ కుప్ప మొత్తం తీసేశాం. మా షెడ్డులో ఏ వీధుల చెత్త ఏ కుప్పలో పడిందో మాకు తెలుసు కాబట్టి, వెతుక్కుంటూ పోతే ఒక హాస్టలు దగ్గర తేలింది. వాచ్‌మన్ రామ్‌దాస్ అక్కడ పాత ట్యూబులు ఇరవై తీసి, ఓపిగ్గా సుత్తితో కొట్టి, మెస్సు చెత్తలో సర్ది పంపాడు.

"నాకెవ్వలు చెప్పలే అక్కా, పలగ్గొట్టొద్దని. పలగ్గొట్టుమని మాత్రం ఎన్కట నువ్వు చెప్పినవ్," అన్నాడు.

నేను చెప్పిన మాట నాకంటే ముందే ప్రతి చోటికీ చేరి కూర్చుంది. దాన్ని ఒక్కో ఇంట్లోంచి లేపాల్సి వచ్చింది. రామ్‌దాస్ మంచివాడు. నాలుగు రోజుల్లో ఆ వీధి కుర్రాళ్ల గదులన్నీ తిరిగి, నలభై నిండు ట్యూబులు భుజాన వేసుకొచ్చి ఇచ్చాడు. లక్ష్మవ్వ అతనికి టీ పోసింది. ఆమె టీ పోయడం మా వాడలో చిన్న సంగతి కాదు.

ఈస్టర్ నాటికి ఆత్మారాం దుకాణం వెనక గదిలో నిలువు డ్రమ్ముల నిండా లైట్లు. నాలుగు వందల పన్నెండు. హైదరాబాద్ బండి వచ్చిన రోజు ఆ డ్రైవరు డ్రమ్ముల్లోకి తొంగి చూసి, "పలగకుండ ఇన్ని ఎట్ల దెచ్చిండ్రమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మోజెస్, "మా అవ్వకు భయపడి," అన్నాడు.

మే మొదటి వారంలో భోజన్నకు కబురు పెట్టాను. ఇంకో ఇద్దరు రైతులను వెంటబెట్టుకుని వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, షెడ్డు రేకులు కాలుతున్నాయి. కొత్త ఎరువు ఎనిమిది కుప్పలు, నల్లగా, పొడిపొడిగా ఉంది. ఆయన పై నుంచి గుప్పెడు తీసి వేళ్ల మధ్య జార్చాడు. చెయ్యి లోపలికి మాత్రం పెట్టలేదు. తొమ్మిది మందిమీ అది చూశాం.

"రెండు సార్లు జల్లెడ వట్టినం భోజన్నా," అంది ఉమారాణి.

"కిందటేడు గూడ జల్లెడ వట్టిందే పంపిండ్రు."

అవతల నిలబడ్డ రైతు బండి తాళాలు చేతిలో తిప్పుకుంటున్నాడు. అంతా అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు లక్ష్మవ్వ కొంగు నడుముకు చెక్కుకుని ముందుకు వచ్చింది.

"బియ్యంల రాళ్లుంటె జల్లెడ వడ్తమా? గాలిస్తం," అంది. "ఏ కుప్పల, ఎంత లోతుల తియ్యాల్నో నువ్వు సూపియ్యి. నీ కండ్ల ముంగట నేను గాలిస్త. పెంకు ఒక్కటెల్లితె నీకు నేనే చెప్త, తీస్కపోవద్దని."

"చెయ్యి మానిందా లక్ష్మవ్వా?"

"సూస్తున్నవ్ గదా," అంది. కుట్లు మానాయి కానీ బొటనవేలు పూర్తిగా వంగదు. ఆ మాట చెప్పలేదు.

వెడల్పాటి బేసిన్లు రెండు, డ్రమ్ముతో నీళ్లు తెచ్చాం. భోజన్న మొదటి కుప్ప అడుగు నుంచి తీయమన్నాడు. తీశాం. లక్ష్మవ్వ గొంతుకూర్చుని, ఎరువు నీళ్లలో పోసి, రెండు చేతులూ మణికట్ల దాకా ముంచింది. వంటింట్లో ఉన్నట్టే బేసినును ఒక వైపుకు వంచి, తిప్పి, తేలిన నల్లటి నీళ్లు రెండో బేసిన్లోకి వంపింది. మళ్లీ నీళ్లు, మళ్లీ తిప్పడం. తేలికైనదంతా పోయాక అడుగున గుప్పెడు ఇసుక, మూడు చింతగింజలు మిగిలాయి. భోజన్న వంగి, ఆ ఇసుకను వేలితో చీల్చి చూశాడు.

"ఇంకోటి," అన్నాడు.

రెండో కుప్పలో ఇసుక, ఒక చీర పిన్నీసు. మూడు, నాలుగు, ఐదు కుప్పల్లో ఇసుకే. ఆరో బేసిను వంచగానే అడుగున తెల్లగా, పల్చగా, వంపుగా ఒకటి మెరిసింది. గోరంత ఉంది. తాళాలు తిప్పే రైతు తిప్పడం ఆపాడు. నేను డాక్టరమ్మ దూది మీద చూసిన ముక్కే అది, నా కళ్లకు.

లక్ష్మవ్వ దాన్ని తీసి, మానిన చేతి వేళ్ల మధ్య పెట్టి నలిపింది. సున్నంలా పొడి అయింది. ఆ పొడిని భోజన్న అరచేతిలో రాల్చింది.

"నత్తగుల్ల," అంది. "చెర్వు గుర్రపుడెక్క తెచ్చి ఏసినం గీ కుప్పల. గాజైతె గిట్ల నలుగుతదా?"

ఆయన ఆ పొడిని రుద్ది చూసుకుని, ఏడో కుప్ప వైపు చెయ్యి చూపాడు. ఏడూ ఎనిమిదీ కూడా గాలించాం. నీళ్ల తర్వాత నీళ్లు మార్చాం. అడుగున ఇసుక తప్ప ఏమీ లేదు. అప్పుడు భోజన్న లేచి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, ఎనిమిదో కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. లోపల అటూ ఇటూ కదిపాడు. తీసి, వాసన చూసి, పంచెకు తుడుచుకున్నాడు.

"మీకెన్ని బండ్లు గావాలె?" అన్నాడు మిగతా ఇద్దరితో. "నాది ఎత్తినంకనే మీది."

నేను ఏడ్చాను, అక్కడే, అందరి ముందే. దాచుకోవాలని అనిపించలేదు. ఫిబ్రవరిలో నా మొహం మీదే అడిగిన ఆమె వచ్చి నా వీపు చరిచింది. లక్ష్మవ్వ బేసిన్లు బోర్లిస్తూ, "ఏడిస్తె బండ్లు నిండుతయా, పారలు వట్టుండ్రి," అంది. ఆరోజు సాయంత్రమే మొదటి ట్రాక్టరు వచ్చింది. మా అత్త జట్టు ఆడవాళ్లు పద్నాలుగు మందీ దాని వెంటే వచ్చి, మాతో పాటు తట్టలెత్తారు. వాళ్ల చేన్లలోకి పోయే ఎరువును వాళ్లే చూసుకుని నింపుకుంటారట. ఐదు రోజుల్లో ఎనిమిది కుప్పలూ లేచిపోయాయి. మిరుగుకు ఇంకా మూడు వారాలుంది. ఆఫీసు నుంచి షెడ్డు మూసే కాగితం రాలేదు. దానికి బదులు రెండో జల్లెడ మిషను వచ్చింది.

ఆరో రోజు మేము గచ్చు కడుగుతుంటే గేటు ముందు ఒక ట్రాక్టరు ఆగింది. బోధన్ అవతలి నుంచి చెరుకు రైతు హన్మవ్వ, యాభై ఏళ్ల మనిషి, గట్టి గొంతు. నిజాంసాగర్ కాలువ కింద నాలుగెకరాల చెరుకుందట. మాక్లూర్ బంధువుల ఇంట్లో ఈ ఎరువు సంగతి విందట.

"ఎరువున్నదా?" అంది.

"అయిపోయింది," అన్నాను. ఆ మాట అంటుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మళ్లీ ఒకసారి అనాలనిపించింది. "మొత్తం అయిపోయిందక్కా."

"గంత దూరం నుంచి వస్తె అయిపోయిందంటవేందమ్మా. వచ్చే కుప్పల నుంచన్న నా పేరు రాస్కోరి."

నేను సరేననబోయాను. కుర్చీలో కూర్చున్న లక్ష్మవ్వ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"మీ ఊర్ల పోయిన ట్యూబులైట్లు ఏం జేస్తరు?" అంది హన్మవ్వతో.

"ఏం జేస్తం, పెంటల వారేస్తం."

"గవన్ని ఏరి, పలగకుంట పట్టుకరా. గప్పుడు రాస్త నీ పేరు."

హన్మవ్వ మా అత్తను పైనుంచి కింది దాకా చూసింది. ట్రాక్టరు ఎక్కి వెళ్లిపోయింది.

"ఇంటి ముంగటికి వచ్చిన గిరాకీని ఎల్లగొట్టినవ్ అవ్వా," అన్నాడు మోజెస్. ఆమె పట్టించుకోలేదు. నాకు మాత్రం బాధేసింది. పాపం అంత దూరం వచ్చింది, మంచినీళ్లయినా ఇవ్వలేదని.

నాలుగో రోజు పొద్దెక్కాక అదే ట్రాక్టరు వచ్చింది. మనిషి నడిచినంత మెల్లగా వచ్చింది. ట్రాలీ నిండా ఎండు చెరుకాకు ఒత్తుగా పరిచి ఉంది. దాని మీద వరసగా ట్యూబులైట్లు, వరసకూ వరసకూ మధ్య మళ్లీ చెరుకాకు. ఒక మూల గంపలో మెలికల బల్బులు, పాత చీరలో చుట్టి. వాటన్నిటి నడుమ హన్మవ్వ కాళ్లు ముడుచుకుని కూర్చుని, పక్కకు దొర్లేవాటిని రెండు చేతులా పట్టుకుని ఉంది. తల నిండా దుమ్ము.

"మూడు గంటలు వట్టింది," అంది దిగకుండానే. "గుంతకో పారి దిగి సూసిన. నూట నలభై ఉన్నయి, లెక్కవెట్టుకో. ఒక్కటి పలగలే. ఇగ రాయి నా పేరు."

లక్ష్మవ్వ లేచి తన కుర్చీ ఆమెకు వేసి, లైట్లు దించడానికి తానే ట్రాలీ ఎక్కింది.